ఉచితం వేరు, అనుమతి వేరు

ఇస్లాం ధర్మంలో లెక్కకు గొప్ప స్థానం ఉంది. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని రాసిపెట్టుకోవాలనీ, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందరాదనీ అది ఆదేశిస్తుంది. జకాత్ ఎవరికి చెందాలో తెలిపే అత్ తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలను పేర్కొంటూ, జకాత్ వసూలు పనిలో ఉన్నవారిని కూడా అందులో ఒక వర్గంగా చేర్చింది. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనాకాలంలో ‘దీవాన్’ పేరుతో రిజిస్టర్లు ఏర్పరచి, ఎవరికి ఎంత అందాలో పేరుపేరునా రాయించారు. కనుక మస్జిదు లెక్క, బైతుల్‌మాల్ లెక్క రాసే వ్యక్తి గుమాస్తా పని చేస్తున్నానని అనుకోకూడదు. అతను అమానత్‌ను మోస్తున్నాడు. ఆ అమానత్ గురించి ప్రళయదినాన అతన్ని ప్రశ్నించడం జరుగుతుంది.

నేడు ఆ రిజిస్టరు కంప్యూటరులోకి వచ్చింది. కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, భైంసా, మంచిర్యాల, ఆదిలాబాద్ – ఏ ఊరికి వెళ్ళినా మస్జిదు చందాలు, మదరసా పిల్లల భోజన ఖర్చు, వితంతువులకు ఇచ్చే నెలసరి సాయం, గల్ఫ్ దేశాల నుండి మన సోదరులు పంపే సదఖాలు కంప్యూటరులో ఎక్కించుకునే అలవాటు పెరుగుతోంది. నిలువు వరుసలు, అడ్డ వరుసలు, మధ్యన గడులు ఉండే ఈ లెక్కల పట్టికను స్ప్రెడ్‌షీట్ అంటారు. జనం నోట మాత్రం దాని పేరు ‘ఎక్సెల్’. నిజానికి ఎక్సెల్ అనేది మైక్రోసాఫ్ట్ కంపెనీ తయారుచేసి అమ్ముకునే ఒక స్ప్రెడ్‌షీట్ పేరు మాత్రమే. లెక్క పారదర్శకంగా ఉండాలని యువకులు పడే ఈ తపన అభినందనీయం. అయితే ఒక ప్రశ్న మన సమావేశాలలో ఎప్పుడూ వినబడదు. ఆ పట్టికను తెరిచే సాఫ్ట్‌వేరు మన కంప్యూటరులోకి ఎలా వచ్చింది?

ఎలా వస్తుందో అందరికీ తెలుసు. కొత్త ల్యాప్‌టాప్ కొంటే అందులో ఆఫీస్ సాఫ్ట్‌వేరు కొన్నాళ్ళు పరీక్షార్థం పనిచేసి ఆగిపోతుంది. డబ్బు కట్టమని అడుగుతుంది. అప్పుడు ఏదో ఒక దుకాణానికి తీసుకువెళితే కుర్రవాడు ‘క్రాక్’ వేసి, రెండు మూడు వందలు తీసుకుని పంపిస్తాడు. లేదా చదువుకున్న మేనల్లుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కిస్తాడు. ‘ముఫ్త్‌లో వచ్చింది’ అని సంతోషిస్తాం. ఉర్దూలో ఒక నానుడి ఉంది: మాలె ముఫ్త్, దిలె బేరహమ్. ఊరికే వచ్చిన సొమ్ము విషయంలో మనసుకు జాలి ఉండదని దాని భావం. ఆ సొమ్ము ఎవరిది, ఎలా వచ్చింది అని మనసు ఆగి అడగదు. ఈ వ్యాసంలో మనం ఆగి అడగదలచుకున్నది అదే.

రెండు రకాల ‘ముఫ్త్’

మన ప్రాంతంలో ఎండాకాలం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆ రోజులలో బస్టాండు దగ్గర, మస్జిదు గేటు దగ్గర సబీల్ పెడతారు. మన హిందూ సోదరులు చలివేంద్రం పెడతారు. దాహంతో ఉన్నవాడు ఎవరినీ అడగకుండా గ్లాసు తీసుకుని తాగుతాడు. పైసా ఇవ్వడు. ఆ పక్కనే ఒక పేద వ్యాపారి నీళ్ళ సీసాలు అమ్ముకుంటున్నాడు. అతను జొహర్ నమాజుకు వెళ్ళినప్పుడు ఒకడు సీసా తీసుకుని తాగాడనుకోండి. ఇతను కూడా పైసా ఇవ్వలేదు. రెండు చోట్లా నీళ్ళే, రెండు చోట్లా దాహమే, రెండు చోట్లా ఖర్చు సున్నాయే. కానీ మొదటివాడు తాగినది హలాల్, రెండవవాడు తాగినది హరామ్. రెంటికీ మధ్య తేడా ధరలో లేదు, యజమాని ఇచ్చిన అనుమతిలో ఉంది.

దైవప్రవక్త (స) కాలంలోనే దీనికి స్పష్టమైన ఉదాహరణ కనిపిస్తుంది. మదీనాలో ‘రూమా’ అనే బావి ఉండేది. దాని నీరు డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చేది. దైవప్రవక్త (స) ప్రోత్సహించగా హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావిని తమ సొంత ధనంతో కొని ముస్లిములందరి కోసం వక్ఫ్ చేశారు. నీరు కావలసిన పేద ముస్లిములు ఎందరో అప్పుడు ఉన్నారు. అయినా రాత్రివేళ వెళ్ళి తోడుకురమ్మని దైవప్రవక్త (స) ఎవరికీ చెప్పలేదు. బావిని ధర్మబద్ధంగా కొని ప్రజలకు విడిచిపెట్టే మార్గాన్ని చూపారు.

సాఫ్ట్‌వేరు లోకంలో కూడా ఈ రెండు రకాల నీళ్ళూ ఉన్నాయి. యజమాని అమ్ముకునే సాఫ్ట్‌వేరు ఒకటి. యజమానే ‘తీసుకోండి, వాడుకోండి, ఇతరులకు పంచండి, కావలసినట్లు మార్చుకోండి’ అని రాతపూర్వకంగా అనుమతించిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రెండవది. లెక్కల పట్టిక కోసం ఈ రెండవ రకంలో ప్రసిద్ధమైనది లిబ్రెఆఫీస్. అందులోని స్ప్రెడ్‌షీట్ భాగాన్ని ‘కాల్క్’ అంటారు.

ఉలమా ఏమంటున్నారు?

కంటికి కనిపించని రచన, రూపకల్పన వంటి వాటిపై యాజమాన్యం ఉంటుందా అన్న చర్చ కొత్తది. తొలినాటి ఫిఖహ్ గ్రంథాలలో దీనికి నేరుగా సమాధానం దొరకదు. ఉపఖండంలో గత తరం పెద్ద ఉలమాలలో కొందరు దీనిని అమ్ముకోదగిన ఆస్తిగా అంగీకరించలేదు. జ్ఞానాన్ని ఆపకూడదన్నది వారి ఆలోచన. ఆ పెద్దల నిజాయితీని మనం శంకించరాదు. తరువాత 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ ఐదవ సమావేశం ఈ విషయాన్ని పరిశీలించి తీర్మానం చేసింది. వ్యాపార నామం, ట్రేడ్‌మార్కు, గ్రంథకర్తృత్వం, నూతన ఆవిష్కరణ అనేవి వాటి యజమానులకు చెందిన హక్కులనీ, షరీఅత్ వాటిని గౌరవిస్తుందనీ, వాటిని అతిక్రమించడం తగదనీ ఆ తీర్మానం సారాంశం. నేడు అనేకమంది ముఫ్తీలు అనుసరిస్తున్నది ఈ అభిప్రాయాన్నే.

‘నీరు, గడ్డి, నిప్పు అందరివీ అని హదీసులో ఉంది కదా, జ్ఞానం కూడా అలాంటిదే కదా’ అని కొందరు అంటారు. ఇది తీసిపారేయదగిన మాట కాదు. కానీ ఫుఖహా ఆ హదీసును వివరిస్తూ ఒక తేడా చూపారు. వాగులో పారే నీరు అందరిదీ. ఒకడు శ్రమపడి తోడుకుని తన కుండలో పోసుకున్న నీరు అతనిది. కూడిక, తీసివేత, భాగహారం వాగు నీరు వంటివి. వాటిపై ఎవరికీ గుత్తాధిపత్యం లేదు. వేలమంది ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన ప్రోగ్రాము కుండలోని నీరు వంటిది.

ఇంకొక విషయం ఆలోచించండి. లిబ్రెఆఫీస్ అందరికీ అందుబాటులో ఉండడానికి ఆధారం కూడా యజమాని హక్కే. ‘మేము రాసిన దానిని మీరు వాడుకోవచ్చు, పంచవచ్చు, కానీ మా భాగాన్ని మార్చి ఇతరులకు ఇచ్చేటప్పుడు ఆ మార్పును కూడా బహిరంగంగా ఉంచాలి’ అని దాని రచయితలు షరతు పెట్టారు. రచయితకు హక్కే లేదంటే ఆ షరతుకు కూడా విలువ ఉండదు. సబీల్ పెట్టినవాడికి కుండపై హక్కు ఉంది కాబట్టే అతను దానిని దానం చేయగలిగాడు.

మనం చెప్పుకునే సాకులు

మొదటి సాకు: ‘ఆ కంపెనీ కోట్లకు పడగలెత్తింది. పైగా వాళ్ళు ముస్లిములు కారు.’ దైవప్రవక్త (స) మక్కా నుండి హిజ్రత్ చేసిన రాత్రిని గుర్తుకు తెచ్చుకుందాం. ఆయన ప్రాణం తీయడానికి కుట్ర పన్నిన ఖురైషీయుల సొమ్ము అమానత్‌గా ఆయన వద్దనే ఉంది. దానిని ఎవరిది వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. ప్రాణశత్రువు సొమ్ముకే ఇంత రక్షణ ఉన్నప్పుడు, ధనికుడన్న కారణంగా ఒకరి హక్కు మనకు ఎలా హలాల్ అవుతుంది?

రెండవ సాకు: ‘నకలు తీసుకుంటే వాళ్ళ దగ్గర ఉన్నది తరిగిపోదు కదా.’ మన జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతాలలో తాళం వేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. యజమాని దుబాయిలోనో దమ్మాంలోనో ఉంటాడు. ఒకడు మారుతాళంతో తెరిచి ఆరునెలలు కాపురం ఉండి, ఇల్లు శుభ్రంగా ఊడ్చి వెళ్ళిపోయాడనుకోండి. గోడ తరగలేదు, కప్పు తరగలేదు. అయినా ఆ ఇంటాయన ఊరుకుంటాడా? ‘క్రాక్’ అనేది ఆ మారుతాళమే.

మూడవ సాకు: ‘మేము చేసేది దీన్ పని.’ అన్నిటికంటే ప్రమాదకరమైన సాకు ఇదే. ఖైబర్ యుద్ధం తరువాత దైవప్రవక్త (స) సేవలో ఉన్న ఒక వ్యక్తి బాణం తగిలి మరణించాడు. ప్రజలు అతనికి స్వర్గ శుభవార్త పలికారు. అయితే పంపకానికి ముందే ఖైబర్ సొమ్ములో నుండి అతను తీసుకున్న ఒక దుప్పటి అతనిపై అగ్నిగా మండుతోందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అది విన్న ఒకాయన తాను తీసుకున్న చెప్పుల వారును కూడా తెచ్చి ముందు పెట్టాడు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ ఉదంతం ఉంది. దీన్ సేవ అక్రమాన్ని కడిగివేయదు. పైగా ఆ సేవలో ఉన్నవారి జాగ్రత్త మరింత ఎక్కువగా ఉండాలి.

నాలుగవ సాకు: ‘అందరూ చేస్తున్నదే కదా, ఎవరు పట్టుకుంటారు?’ పట్టుకోవడం మాట అటుంచి, దేశ చట్టం కూడా దీనిని నేరంగానే చూస్తుంది. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో జరిగిన సవరణ ద్వారా చేరిన 63బి సెక్షన్ ప్రకారం, తెలిసి తెలిసి అక్రమ నకలు సాఫ్ట్‌వేరు వాడినవారికి ఏడు రోజుల నుండి మూడేళ్ళ వరకు జైలు, 50,000 నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపారం కోసం కాదని తేలితే కోర్టు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు. చట్టం పట్టుకున్నా పట్టుకోకపోయినా, అల్లాహ్ దృష్టి నుండి దాగేది ఏదీ లేదన్నది మన విశ్వాసం. సమాజంలో అందరూ చేస్తున్నారన్నది అక్కడ సమాధానం కాజాలదు.

‘అవసరం’ ఎంతవరకు?

కొందరు సోదరులు సూటిగా అడుగుతారు: ‘పేద మదరసా అసలు సాఫ్ట్‌వేరు కొనలేదు. లెక్కలు చూపకపోతే దాతలకు నమ్మకం ఉండదు. అవసరం నిషిద్ధాన్ని అనుమతిస్తుందని ఫిఖహ్ సూత్రం ఉంది కదా?’ సూత్రం నిజమే. కానీ దానికి వెంట రెండు సూత్రాలు ఉన్నాయి. అవసరం మేరకే ఆ అనుమతి వర్తిస్తుందన్నది ఒకటి. కారణం తొలగిన వెంటనే అనుమతి కూడా తొలగిపోతుందన్నది రెండవది. ఉస్మానీల కాలపు న్యాయస్మృతి ‘మజల్లా’లో ఇవి పక్కపక్కనే ఉన్నాయి.

మన అవసరం లెక్క రాయడం. ఒక కంపెనీ సరుకు వాడటం అవసరం కాదు. చేతితో రాసే రిజిస్టరు నేటికీ దొరుకుతుంది, అది ఏ విధంగానూ తక్కువది కాదు. కంప్యూటరే కావాలంటే సక్రమమైన దారి తెరిచే ఉంది. 2010 తరువాత లిబ్రెఆఫీస్ మన చేతికి అందుబాటులో ఉండగా, ‘గత్యంతరం లేక’ అనే మాట బరువు కోల్పోయింది. ప్రశ్న ఇక స్తోమతకు సంబంధించినది కాదు. ఒక గంట సమయం కేటాయించి మార్చుకునే ఓపిక మనకు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఈ సబీల్ ఎలా ఏర్పడింది?

పర్సనల్ కంప్యూటర్ల కోసం వచ్చిన మొదటి స్ప్రెడ్‌షీట్ 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు తయారుచేసిన విసికాల్క్. వారు దానిపై పేటెంటు తీసుకోలేదు. అందుకే ఆ తరువాత ఎందరో అదే పద్ధతిలో తమ తమ పట్టికలు తయారుచేయగలిగారు. ఎక్సెల్ 1985లో వచ్చింది. అదే 1985లో జర్మనీలో మార్కో బోరీస్ అనే యువకుడు స్టార్ డివిజన్ అనే కంపెనీ స్థాపించాడు. దాని స్టార్ఆఫీస్ సాఫ్ట్‌వేరును 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ కొని, 2000లో దాని మూలరచనను లోకానికి విడిచిపెట్టింది. అదే ఓపెన్ఆఫీస్. 2010 సెప్టెంబరులో దాని నుండి లిబ్రెఆఫీస్ పుట్టింది. డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దానిని చూసుకుంటోంది.

ఆ కంపెనీ ఉద్దేశం పుణ్యమా, వ్యాపార పోటీయా అని మనం తవ్వనక్కరలేదు. సంకల్పాల లెక్క అల్లాహ్ వద్ద ఉంది. మనకు కావలసింది యజమాని ఇచ్చిన అనుమతి, అది స్పష్టంగా ఉంది. ఇది నమ్మదగిన సాఫ్ట్‌వేరేనా అని అనుమానించేవారికి రెండు మాటలు. భారత ప్రభుత్వం 2015లో తన కార్యాలయాలలో ఇటువంటి బహిరంగ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమివ్వాలని విధానం ప్రకటించింది. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం దాదాపు 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రెఆఫీస్‌కు మార్చాలని 2024లో నిర్ణయించింది. ఒక రాష్ట్ర ప్రభుత్వ పనికి సరిపోయేది మన మస్జిదు కమిటీకి సరిపోదా?

ఏ కంప్యూటరులో ఎలా?

కంప్యూటరును నడిపే మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మీ కంప్యూటరులో ఏది ఉందో ముందు తెలుసుకోండి.

విండోస్ 10 లేదా 11 ఉంటే: లిబ్రెఆఫీస్ డాట్ ఆర్గ్ అనే దాని సొంత వెబ్‌సైటుకే వెళ్ళండి. వెతికితే కనిపించే ఇతర సైట్లలో కల్తీ నకళ్ళు ఉండే ప్రమాదం ఉంది. విండోస్ 64 బిట్ అన్నది ఎంచుకుని ఫైలు దించుకోండి. అది 300 ఎంబీలకు పైగా ఉంటుంది. దానిపై రెండుసార్లు నొక్కి, అడిగిన చోట ‘నెక్స్ట్’, చివర ‘ఇన్‌స్టాల్’ అంటే సరిపోతుంది. తాళంచెవి నంబరు అడగదు, డబ్బు అడగదు, గడువు ముగిసిందని ఆగిపోదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయని మాత్రం గుర్తుంచుకోండి.

పాత విండోస్ 7 లేదా 8 ఉంటే: 2025 ఆగస్టులో వచ్చిన లిబ్రెఆఫీస్ 25.8 నుండి కొత్త సంచికలు వీటిలో పనిచేయవు. అంతకు ముందరి సంచికలు ఆ సంస్థ భద్రపరచిన పాత ఫైళ్ళ నుండి తీసుకోవచ్చు. అయితే భద్రతా సవరణలు రాని కంప్యూటరులో జకాత్ లెక్క ఉంచడం మంచిది కాదు. ఇటువంటి వాటికి లినక్స్ మేలైన మార్గం.

లినక్స్: ఇది 1991లో మొదలైన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్ మింట్ వంటి రకాలలో లిబ్రెఆఫీస్ ముందే ఉంటుంది. ఉబుంటులో లేకపోతే అందులోని సాఫ్ట్‌వేర్ కేంద్రం తెరిచి పేరు వెతికి ‘ఇన్‌స్టాల్’ నొక్కితే చాలు. ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. కొన్ని కంప్యూటర్లలో ఆఫీసే కాదు, విండోస్ కూడా నకలే. పట్టికను మాత్రం మార్చి, దాని కింది పునాదిని అలాగే వదిలితే సగం పనే చేసినట్లు. అటువంటి కంప్యూటరుకు లినక్స్ వేస్తే పునాది నుండి పైకప్పు వరకు అంతా అనుమతితో కూడినదే అవుతుంది. మన తెలుగు రాష్ట్రాలలో ‘స్వేచ్ఛ’ అనే స్వచ్ఛంద సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చేందుకు కృషి చేసింది.

ఆపిల్ మ్యాక్ ఉంటే: అదే వెబ్‌సైటులో మ్యాక్ విభాగంలో రెండు ఫైళ్ళుంటాయి. పాత ఇంటెల్ చిప్ ఉన్నవాటికి ఒకటి, ఆపిల్ సొంత చిప్ ఉన్నవాటికి ఒకటి. మీది చూసి దించుకుని, తెరిచినప్పుడు కనిపించే లిబ్రెఆఫీస్ గుర్తును ‘అప్లికేషన్స్’ ఫోల్డరులోకి లాగితే పని ముగుస్తుంది.

నెట్ సరిగా అందని పల్లెలలో ఉన్నవారు చింతించనక్కరలేదు. కరీంనగర్‌లో ఒకరు దించుకున్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఉట్నూరుకో ఆసిఫాబాద్‌కో తీసుకువెళ్ళి పదిమందికి ఎక్కించవచ్చు. చూడండి, అదే పెన్‌డ్రైవ్, అదే బస్సు, అదే చెయ్యి. క్రాక్ మోసుకువెళితే పదిమందిని అక్రమంలో భాగస్వాములను చేసినట్లు. దీనిని మోసుకువెళితే పదిమందికి మేలు చేసినట్లు. మనిషి మరణించిన తరువాత కూడా అతనికి పుణ్యం అందించే వాటిలో ప్రయోజనకరమైన జ్ఞానం ఒకటని హదీసు తెలుపుతోంది.

మారేటప్పుడు వచ్చే ఇబ్బందులు

ఇబ్బందులు ఏమీ ఉండవని చెప్పడం నిజాయితీ కాదు. పాత ఎక్సెల్ ఫైళ్ళు కాల్క్‌లో తెరుచుకుంటాయి. కూడికలు, శాతాలు సరిగానే వస్తాయి. కానీ మాక్రోలనే చిన్న ప్రోగ్రాములు ఉన్న ఫైళ్ళు కొన్నిసార్లు మొరాయిస్తాయి. అందుకని పాత ఫైలు నకలు ఒకటి భద్రపరచి, మొత్తాలు రెండు చోట్లా ఒకటేనా అని చూసుకున్నాకే మారండి. అను ఫాంట్లతో టైపు చేసిన పాత తెలుగు పేర్లు ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చిగీతలుగా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లో తిరిగి టైపు చేసుకోవాలి. మండలి, సురన్న వంటి తెలుగు ఫాంట్లు, ఉర్దూ కోసం నోటో నస్తలీఖ్ ఫాంటు స్వేచ్ఛా అనుమతితోనే దొరుకుతున్నాయి. ఉర్దూలో లెక్క రాసేవారు పట్టికను కుడి నుండి ఎడమకు నడిచేలా కూడా అమర్చుకోవచ్చు. ఆడిటరుకు ఎక్సెల్ రూపంలోనే కావాలంటే భద్రపరిచేటప్పుడు ఆ రూపాన్ని ఎంచుకుంటే సరి.

ఇంటి లెక్కకు కూడా ఇది పనికివస్తుంది. నగదు, బంగారం, వెండి, వ్యాపార సరుకు విలువలు ఒక వరుసలో రాసి, చెల్లించవలసిన అప్పులు తీసివేసి, మిగిలినదాన్ని నలభైతో భాగించమని చెబితే జకాత్ మొత్తం కనిపిస్తుంది. నాలుగు లక్షలు మిగిలితే పదివేలు. నిసాబ్ కొలతలు – బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు – పైనే రాసిపెట్టుకుంటే ఏటా వెతకనక్కరలేదు. ఇంటి ఆడవారు, పిల్లలు కలిసి కూర్చుని చేయదగిన పని ఇది.

మరొక అమానత్ కూడా ఉంది: సాయం పొందేవారి పరువు. దానాన్ని గోప్యంగా పేదలకు అందించడం మేలని అల్ బఖరా సూరా 271వ ఆయత్ బోధిస్తుంది. వితంతువు పేరు, ఇంటి చిరునామా, ఇచ్చిన మొత్తం ఉన్న పట్టికను వాట్సాప్ గ్రూపులలో తిప్పడం ఆ బోధనకు విరుద్ధం. కాల్క్‌లో ఫైలును భద్రపరిచేటప్పుడు పాస్‌వర్డు పెట్టే ఏర్పాటు ఉంది. ఆ పాస్‌వర్డు ఇద్దరు బాధ్యుల వద్ద ఉండాలి. మరచిపోతే ఎవరూ తెరవలేరు. ఇక క్రాక్ విషయానికి వస్తే, అది వేయడానికి చాలాసార్లు కంప్యూటరులోని వైరస్ రక్షణను ఆపమంటారు. కాపలావాడిని పంపివేసి దొంగను పిలవడం అంటే ఇదే. భద్రతా సవరణలు లేని కంప్యూటర్ల గతి ఏమవుతుందో 2017 మే నెలలో వన్నాక్రై దాడి చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు సైతం కొన్ని దాని బారిన పడ్డాయి.

పాత లెక్కలు, దుకాణదారులు

‘ఇంతకాలం నకలు సాఫ్ట్‌వేరులో లెక్క వేసి పంచిన జకాత్ చెల్లిందా?’ అని ఆందోళన పడేవారికి ఒక మాట. హలాల్ సొమ్ములో నుండి సంకల్పంతో తీసి, హక్కుదారుకు చేర్చిన జకాత్ చెల్లినట్లే. లెక్క వేసిన పరికరం జకాత్ షరతులలో లేదు. కనుక ఆ భయంతో దానధర్మాలు ఆపవద్దు. తెలిసిన తరువాత అదే దారిలో కొనసాగడం మాత్రం వేరే విషయం. తౌబా చేసి మారడానికి నేడే మంచిరోజు. ఎవరికైనా ప్రత్యేక పరిస్థితి ఉంటే దగ్గరలోని ముఫ్తీని సంప్రదించాలి.

కంప్యూటరు దుకాణాలు నడిపే మన యువకులు ‘క్రాక్ వేయకపోతే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది’ అంటారు. వారి కష్టం నిజమే, ఇంటి అద్దె, పిల్లల ఫీజు అబద్ధాలు కావు. కానీ వారు తీసుకునే రెండు మూడు వందలు నిజానికి దేనికి? సమయానికి, నైపుణ్యానికి. లిబ్రెఆఫీస్ ఎక్కించి, తెలుగు, ఉర్దూ అక్షరాలు అమర్చి, పాత ఫైళ్ళు మార్చి, పావుగంట నేర్పి అదే మొత్తం తీసుకోవచ్చు. అది హలాల్ కూలి. దాని లైసెన్సు కూడా అందుకు అడ్డు చెప్పదు. ‘ఇది నేను కొనితెచ్చిన సాఫ్ట్‌వేరు’ అని అబద్ధం చెప్పకుంటే చాలు. అలా అడిగి చేయించుకోవలసిన బాధ్యత మస్జిదు కమిటీలదే. దుకాణానికి కంప్యూటరు ఇచ్చేటప్పుడు ‘క్రాక్ వద్దు, లిబ్రెఆఫీస్ వేయండి’ అనే ఒక్క మాట చెబితే, ఆ యువకుడికి హలాల్ గిరాకీ ఇచ్చినవారమవుతాం.

జకాత్ తన యజమాని సొమ్మును శుద్ధిచేస్తుందని మనం ప్రతి రమజానులో వింటాం. ఆ శుద్ధిచేసే సొమ్మును లెక్కించే పట్టిక కూడా శుద్ధమైనదై ఉండాలని కోరుకోవడం అతిశయోక్తి కాదు. ఈ రమజానుకు ముందే మీ మస్జిదు, మీ మదరసా, మీ ఇంటి కంప్యూటరులో ఏముందో ఒకసారి తెరిచి చూడండి. అల్లాహ్ మన సంపాదనను, మన దానాన్ని, వాటిని రాసుకునే మన చేతులను హరామ్ నుండి కాపాడుగాక! ఆమీన్.